కొబ్బరినీళ్ల వాన

శివరాత్రి వస్తోందంటే మా ఊళ్లో అందరికీ సంబరం, నాకు మాత్రం ఒళ్లు మంట. కురవి వీరన్న జాతరకు ఊరు ఊరంతా కదులుతుంది. మా ఇంటి బండి గుడి చుట్టూ తిరగాలి కాబట్టి దాన్ని తోలడానికి మా ఆయన రాజమౌళి వెళ్లాలి. మొక్కు ఉంది కాబట్టి మా అత్తమ్మ ఓదెమ్మ వెళ్లాలి. పిల్లది కాబట్టి మా సుష్మిత వెళ్లాలి. ఇక మిగిలేది స్వరూప, అంటే నేనూ, పెరటి వెనుక కల్లంలో ఎండే మిరపకాయలూ. సరిగ్గా ఆ రోజుల్లోనే కాయ కల్లానికి చేరుతుంది. సరిగ్గా ఆ రోజుల్లోనే ఎక్కడి నుంచో ఒక పిచ్చి మబ్బు కూడా చేరుతుంది. కాసేపు వాన పడితే చాలు, ఎర్రగా నిగనిగలాడే కాయ తెల్లబడి తాలుకాయ అయిపోతుంది. అందుకే అత్తమ్మ ఒక చట్టం చేసి పెట్టింది.

"ఇంట్ల ఒక ఆడది కల్లం కాడ ఉండాలె."

ఆ ఒక్క ఆడది ఎవరో ఆమె ఎప్పుడూ పేరు పెట్టి చెప్పలేదు. పెళ్లయిన నాటి నుంచి అది నేనే. మిరపకాయలకు నేను కాపలా, నాకు మిరపకాయలు కాపలా.

మా ఊరు కురవికి కూతవేటు దూరం. గాలి ఇటు తిరిగితే జాతర మైకులో పాట కల్లం దాకా వినిపిస్తుంది. డాబా ఎక్కితే చెట్ల మీద నుంచి జైంట్ వీలు పై భాగం కనిపిస్తుంది. ఆ చక్రం మీద నాకు చిన్నప్పటి నుంచి ఆశ. తొర్రూరు దగ్గర మా అమ్మగారి ఊరి నుంచి ఒకసారి నాయిన నన్ను ఈ జాతరకే తీసుకొచ్చాడు. చక్రం ఎక్కుతానని ఏడిస్తే, "వచ్చే యేడు ఎక్కిస్త బిడ్డా" అన్నాడు. ఆ వచ్చే ఏడు ఇంతవరకు రాలేదు. తీరా చూస్తే చక్రం కనిపించే ఊరికే కోడలిగా వచ్చాను, డాబా మీద నుంచి చూడటానికి.

ఈ ఏడు మా సుష్మిత సెలవులకు ముందే వచ్చింది. వరంగల్‌లో ఎలక్ట్రానిక్స్ చదువుతోంది. వచ్చీ రాగానే సంచి అరుగు మీద పడేసి అంది, "అమ్మా, ఈసారి నువ్వు జాతరకు వస్తున్నవు. కల్లం కాడ నేనొక కాపలా పెడుత."

"ఎవలను పెడుతవే?"

ఫోన్ తీసి నాకు మూడు బొమ్మలు చూపించింది. మూడూ చిన్న చిన్న పలకలు, అంచుల వెంట దువ్వెన పళ్లలా పిన్నులు. వాటిని డెవలప్‌మెంట్ బోర్డులు అంటారట. మనం ఏ పని నేర్పితే ఆ పని చేస్తాయి, తీగ లేకుండా వైఫైలో కబురు పంపుతాయి. వాన చినుకు పడగానే బోర్డుకు తెలుస్తుంది, అది మోటరును తిప్పుతుంది, మోటరు పరదాను కల్లం మీదికి లాగుతుంది. విన్నంతసేపు నా గుండె చక్రం ఎక్కినట్టే ఉంది. అయినా బయటపడలేదు. మానుకోటలో మిరప విత్తనాలు కొనేటప్పుడు కూడా నేను ముందే నవ్వు ముఖం పెట్టను. ముఖం చూసే ధర చెప్తారు.

"ఏది మంచిది?" అన్నాను.

"మొదటిది అగ్గువ. కని దానికి ఒకటే మెదడు. ఫోన్‌కు కబురు పంపుకుంట కూసుంటే, మోటరు సంగతి జర ఆలస్యం కావచ్చు."

"మీ బాపు అసొంటిదన్నట్టు." ఆయన ఫోన్ పట్టుకుంటే పొయ్యి మీద పాలు పొంగినా కనిపించవు.

అరుగు చివర కూర్చున్న మా ఆయన విననట్టే ఉన్నాడు. ఆ సమయానికి ఫోన్‌లోనే ఉన్నాడు.

"రెండోదానికి రెండు మెదళ్లు," అంది సుష్మిత. "ఒకటి వైఫై ముచ్చట చూసుకుంటది, ఇంకొకటి మన పని చూసుకుంటది."

"అయితే గదే తియ్యి. ఒక మెదడున్నోళ్లతోని ఇన్నేండ్లు వేగింది చాలు."

"ఆగు, మూడోది ఇను. గిది గూడ రెండు మెదళ్లదే, ఇంకా జోరుగ పని చేస్తది, యాది పెట్టుకునే జాగ ఎక్కువ. కెమెరా తగిలియ్యచ్చు. బయట యాంటెనా పెట్టెతందుకు సాకెట్ గూడ ఉన్నది."

ఇప్పుడు మా ఆయన ఫోన్ దించాడు. "వాన వడ్డదో లేదో చెప్పెతందుకు గంత మోపుది ఎందుకే? కప్పలు చెప్తయ్ గదా."

"కప్పలు పరదా కప్పుతయా?" అన్నాను. ఆయన మళ్లీ ఫోన్ ఎత్తుకున్నాడు.

నేను నా బేరం మొదలుపెట్టాను. కల్లం పెరటి అవతల కదా, మన ఇంటి వైఫై దానికి అందుతుందా అని అడిగాను. బయట యాంటెనా పెడితే అందుతుందంది. కరెంటు పోతే ఎట్లా అన్నాను. పాత ట్రాక్టర్ బ్యాటరీ ఉంది కదా అంది. ఇక చివరికి అసలైన మాట అడిగాను. మనిషిని పనిలో పెట్టుకునేటప్పుడు కూడా నేను అడిగేది అదే.

"అది అబద్ధం చెప్తదా?"

నవ్వుతుందనుకున్నాను. నవ్వలేదు, ఆలోచించింది. "చెప్పచ్చు అమ్మా. దానికి వాన పలక ఒకటి పెడుతం. ఆ పలక మీద ఏ తడి వడ్డా వాననే అనుకుంటది. అందుకే కెమెరా. పరదా కప్పంగనే కల్లం ఫోటో తీసి మన ఫోన్‌కు పంపుతది. నిజమో అబద్ధమో మనమే చూసుకోవచ్చు."

"అయితే మూడోదే," అన్నాను. ఖరీదు ఎంతని కూడా అడగలేదు. అది నా జీవితంలో మొదటిసారి.

పార్సిల్ మానుకోటకు వచ్చిందని ఫోన్ రాగానే తల్లీబిడ్డలం ఆటో ఎక్కి వెళ్లి తెచ్చుకున్నాం. దారంతా దాన్ని ఒళ్లో పసిబిడ్డలా పెట్టుకున్నాను. ఇంటికొచ్చి డబ్బా విప్పితే బోర్డు సకినంలో సగం కూడా లేదు.

అత్తమ్మ కళ్లద్దాలు పెట్టుకుని మరీ చూసింది. "గింతది గంత కల్లం కాస్తదా?"

"పిట్ట కొంచెం, కూత ఘనం, నాయినమ్మా," అంది సుష్మిత.

ఆ పిట్ట కూయడానికి మాత్రం మా ప్రాణం తీసింది. మొదటి రోజు సుష్మిత లాప్‌టాప్‌కు తగిలిస్తే లాప్‌టాప్ అసలు దాన్ని గుర్తుపట్టనే లేదు. బోర్డు పాడైందని ఒకసారి, లాప్‌టాప్ పాడైందని ఒకసారి, తన బతుకే పాడైందని ఒకసారి అంది. పొద్దు వాలాక తేలిందేమిటంటే, ఆమె పట్టుకున్నది మా ఆయన ఫోన్ చార్జర్ తీగ. దాంట్లో కరెంటు పోతుంది కానీ మాటలు పోవట. తీగ మార్చగానే బోర్డు మీద చిన్న దీపం మిణుకు మిణుకుమంది. పిల్ల లేచి ఎగిరింది. ఎందుకో తెలియకపోయినా నేనూ ఎగిరాను.

తర్వాత కల్లం పని. రెండు వైపులా తీగలు లాగి, పరదాకు కర్టెన్ మాదిరి రింగులు కుట్టాను. పాత లారీ వైపర్ మోటరు మా ఆయన ఎక్కడి నుంచో పట్టుకొచ్చాడు. కప్పలే చాలన్న మనిషి, మోటరు బిగించేటప్పుడు మాత్రం ఎవరినీ చేయి పెట్టనివ్వలేదు. మొదట్లో మోటరు గుంజినప్పుడల్లా బోర్డుకు కళ్లు తిరిగి పడిపోయేది. మోటరు బలమంతా లాగేసుకుంటుంటే పాపం దానికి కరెంటు చాలేది కాదు. బోర్డుకు వేరే చిన్న బ్యాటరీ పెట్టాక కోలుకుంది. అన్నింటినీ ఒక ఆవకాయ డబ్బాలో అమర్చి, కెమెరాకు ఒక కిటికీ కోసి, యాంటెనా బయటికి నిలబెట్టి, డబ్బా నెత్తిన వాన పలక ఎక్కించి, గుంజకు కట్టాం.

చెంబుతో నీళ్లు నేనే పోశాను. మోటరు గుర్రుమంది. పరదా ఆ చివరి నుంచి ఈ చివరికి జరజరా పాకి కల్లం మొత్తం కప్పేసింది. అదే సమయానికి అందరి ఫోన్లలోంచి ఒక ఆడ గొంతు అరిచింది. "వానొచ్చె, వానొచ్చె, పరదా కప్పున్రి."

అది నా గొంతు. ఎప్పుడో నేను అరుస్తుంటే సుష్మిత చాటుగా రికార్డు చేసి పెట్టుకుందట. తిట్టాలో నవ్వాలో తెలియలేదు. ఊళ్లో వాళ్లంతా వచ్చి తలా ఒక చెంబు పోసి చూశారు. మా ఆయన మధ్యాహ్నం ఎవరూ చూడటం లేదనుకుని తానొక్కడే పోసుకున్నాడు. నా గొంతు మళ్లీ మళ్లీ అరిచింది. చివరికి ఎదురింటివాళ్లు ఏమైనా గొడవా అని అడిగారు.

శివరాత్రి తెల్లారింది. నేను తలంటు పోసుకుని పెట్టెలోంచి పట్టుచీర తీశాను. మా ఆయన తెల్లటి కొత్త పంచె కట్టాడు. బండి ముస్తాబైంది. ఇక బయలుదేరడమే అనుకుంటుండగా అత్తమ్మ పసుపు, కుంకుమ, కొబ్బరికాయ పట్టుకుని కల్లం వైపు నడిచింది.

"కొత్త మిషన్‌కు కాయ కొట్టకుండ పోతరా ఎవలన్న? ట్రాక్టర్‌కు కొట్టినం, బండికి కొట్టినం. గిదేం పాపం చేసింది?"

ఆ మాట నిజమే. మా ఇంట్లో మిక్సీకి కూడా కొట్టాం. మా ఆయన మడిచిన పరదా మీద పీట వేసినట్టు కూర్చుని అగరుబత్తీలు వెలిగించాడు. అత్తమ్మ డబ్బాకు పసుపు రాసి, కెమెరా కిటికీ మీదే కుంకుమ బొట్టు పెట్టింది. అది కన్ను కదా, కంటి పైన బొట్టు ఉండాలట. తర్వాత కాయ కొట్టింది. ఏ కొత్త బండికైనా చేసినట్టే, చిప్పలోని నీళ్లను డబ్బా నెత్తిన మూడుసార్లు చిలకరించింది.

"నాయినమ్మా, ఆ పలక మీద వద్దు," అంటూ సుష్మిత పరుగెత్తింది. అప్పటికే అయిపోయింది.

మోటరు గుర్రుమంది. పరదా కదిలింది. దాని మీద కూర్చున్న మా ఆయన, కూర్చున్న వాడు కూర్చున్నట్టే, చేతిలో అగరుబత్తీలతో కల్లం మీద ఊరేగింపుగా బయలుదేరాడు. నడుమ దాకా వెళ్లి పక్కకు ఒరిగి మిరపకాయల్లో కూలబడ్డాడు. పరదా ఆయన తల మీద నుంచి సాగిపోయింది. ఘాటు లేచింది. ఆయన పరదా కింద నుంచి తుమ్ముతున్నాడు, మేం బయట తుమ్ముతున్నాం, మధ్యలో నా గొంతు ఫోన్లలోంచి "వానొచ్చె, వానొచ్చె" అని అరుస్తోంది. పైన ఆకాశం అద్దంలా ఉంది. నాకు నవ్వు ఆగలేదు. నవ్వుకు నీళ్లు, ఘాటుకు నీళ్లు, ఏ కంట్లోవి ఏవో తెలియలేదు.

కానీ నవ్వు అక్కడితో సరి. పలకను తుడిచినా పరదా వెనక్కి పోవడం లేదు. కొబ్బరినీళ్లు ఎండి జిగురు పట్టాయి, బోర్డు ఇంకా వాననే అనుకుంటోంది. చేత్తో లాగితే మళ్లీ వచ్చి కప్పేస్తోంది. ఎండలో పరదా కింద కాయ ఉక్కిపోతే బూజు పడుతుంది. బండి కదలాల్సిన వేళ దాటిపోతోంది.

అత్తమ్మ చీర కుచ్చిళ్లు దులుపుకుంది. "వానేందో కొబ్బరినీళ్లేందో తెల్వని మిషన్‌ను నమ్మి కల్లం ఇడిసిపెడుదుమా? స్వరూప ఉండుడే నయం."

తడిపింది ఆమె, ఉండాల్సింది నేను. నాకు ఒళ్లు మండిపోయింది. పట్టుచీరతోనే కల్లం గట్టు మీద చతికిలబడ్డాను. మా ఆయన మరో పంచె కట్టుకుని, నా వైపు చూడకుండా బండి తోలుకుని పోయాడు. అత్తమ్మ బండెక్కి వెనక్కి ఒకసారి చూసింది. సుష్మిత మాత్రం పోలేదు.

పిల్ల ముందు పలక తీగ పీకేసింది. లేకపోతే కడిగే నీళ్లను కూడా వాననుకుంటుంది. పాత బ్రష్‌తో, మంచినీళ్లతో పలక గాట్లన్నీ కడిగి ఎండలో పెట్టింది. నేను చీర కొంగుతో విసిరాను, కోపంతోనే అనుకోండి. ఆరాక తీగ తగిలించింది. బోర్డు ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, మోటరును వెనక్కి తిప్పింది. పరదా మర్యాదగా తన మూలకు వెళ్లి ముడుచుకుంది. ఎర్రటి కాయ మళ్లీ ఎండ మొహం చూసింది.

మైకులో పాట వినిపిస్తోంది. డాబా ఎక్కకుండానే నాకు చక్రం కళ్ల ముందు తిరుగుతోంది. కాళ్లు మాత్రం కదలడం లేదు. పోయి వచ్చేసరికి కాయ తడిస్తే, అత్తమ్మ మాట నేను చచ్చేదాకా నా వెంట ఉంటుంది.

సుష్మిత నా ముఖం చూసింది. "పోనియ్ అమ్మా, నేనుంట. నువ్వు పోయి రా."

ఆ మాటతో ఉలిక్కిపడ్డాను. ఇంట్ల ఒక ఆడది. నేను లేస్తే ఆ చోట నా బిడ్డ కూర్చుంటానంటోంది, అదీ నవ్వుతూ.

"ఏం అవుసరం లేదు. ఇద్దరం పోదాం. తలుపుకు తాళం వెయ్యి," అన్నాను.

ఆటోలో కూర్చున్నాక నాకు నవ్వు మొదలైంది. ఎందుకని సుష్మిత అడిగింది. ఏమో, ఇంటికి తాళం వేసి నడిచొస్తుంటే అంత తేలిగ్గా ఉంటుందని నాకు తెలియదు. దేవుణ్ణి దర్శించుకున్నాం, గాజులు వేయించుకున్నాం, బెల్లం జిలేబీ తిన్నాం. సరిగ్గా చక్రం దగ్గర వరుసలో నిలబడ్డప్పుడు అత్తమ్మ కంట పడ్డాను.

"కల్లం కాడ ఎవలున్నరు?"

"ఎవలు లేరు," అన్నాను.

ఆమె నోరు తెరిచింది. ఇక మూయలేదు. కాయ గురించి, కలికాలం గురించి, నా పుట్టింటి గురించి తిడుతూ నా వెనకే వరుసలో నడిచింది. నేను ముందుకు జరిగితే ఆమె జరిగింది, నేను మెట్టెక్కితే ఆమె ఎక్కింది. నేను చక్రం డబ్బాలో కూర్చున్నాను. ఎదురుగా కూర్చుంటేనే తిట్టడానికి వీలుగా ఉంటుందేమో, ఆమె కూడా కూర్చుంది. చక్రం మనిషి టక్కున గొళ్లెం వేశాడు. నేల కిందికి జారిపోయాక గానీ తిట్లు ఆగలేదు.

"ఓ అవ్వా," అని నా రెండు చేతులూ పట్టుకుంది.

చక్రం పైకి వెళ్లింది. గుడి గోపురం, తిరిగే బండ్లు, చీమల్లా జనం. కింద సుష్మిత చేయి ఊపుతోంది. నాకు కేక పెట్టాలనిపించి పెట్టాను. ఎప్పుడో నాయిన ఇస్తానన్నది ఇన్నేళ్లకు చేతికొచ్చింది. ఆ సంతోషాన్ని దాచుకోవాలని కూడా అనిపించలేదు.

"నువ్వు ఎన్నడన్న ఎక్కినవా అత్తమ్మా?" అని అడిగాను.

"ఏడ ఎక్కుదు," అంది కళ్లు మూసుకునే. "నీకంటె ముందుగాల కల్లం కాడ ఉన్నదెవలు? మీ మామ బండి తోలె, నేను కాయ కాస్తి. నువ్వొచ్చినంక నాకు తీరిక దొరికె. అప్పటికి సిగ్గాయె. ముసల్దాన్ని ఒక్కదాన్ని ఎట్ల ఎక్కుత?"

ఆ చట్టం ఆమె నా కోసం చేసింది కాదు. ఆమెకు ఎవరో చేసి పెట్టిందే నా చేతిలో పెట్టింది.

అప్పుడే నా ఒళ్లోంచి నా గొంతు అరిచింది. "వానొచ్చె, వానొచ్చె, పరదా కప్పున్రి."

అత్తమ్మ కళ్లు తెరిచింది. మా డబ్బా అప్పుడు శిఖరం మీద ఉంది. మా ఊరి దిక్కున ఒక నల్లటి మబ్బు వంగి ఉంది. ఆమె ఏళ్ల అలవాటు కొద్దీ సగం లేచింది, కల్లం దగ్గరికి పరుగెత్తడానికి.

"కూసో అత్తమ్మా, పడుతవు."

"దించుమను. కాయ, కాయ."

ఫోన్ టింగుమంది. ఫోటో వచ్చింది. మళ్లీ అబద్ధమో, నిజమో. పై అంచున అత్తమ్మ పెట్టిన కుంకుమ తడికి కరిగి ఎర్రగా కారుతోంది. దాని కింద కల్లం గట్టు తడిసి నల్లబడింది, చినుకులు నీటి బుడగలు లేపుతున్నాయి. నడుమ మా నీలం పరదా ఈ చివరి నుంచి ఆ చివరి దాకా పరుచుకుని ఉంది. ఎక్కడా ఒక్క ఎర్ర కాయ బయటికి కనిపించడం లేదు.

ఫోన్ ఆమె చేతిలో పెట్టాను. చాలాసేపు చూసింది. చక్రం ఒక చుట్టు తిరిగి వచ్చింది, ఆమె ఇంకా చూస్తూనే ఉంది.

"మరి గిప్పుడు మనమేం చెయ్యాలె?" అంది.

"ఏం చెయ్యద్దు అత్తమ్మా."

"ఏం చెయ్యద్దా?"

"ఏం చెయ్యద్దు."

ఆమె వెనక్కి ఆనుకుని కూర్చుంది. ఆ తర్వాత కళ్లు మూసుకోలేదు. కురవిలో ఒక్క చినుకు కూడా లేదు, గాలి మాత్రం చల్లగా తగులుతోంది. చక్రం మెల్లగా ఆగి, మా డబ్బా కిందికి వచ్చి, చక్రం మనిషి గొళ్లెం తీశాడు. నేను లేచాను. అత్తమ్మ లేవలేదు.

"అక్కడ వాన వడవట్టె," అంది నా కొంగు పట్టుకుని లాగి. "ఇంటికి పోయి మాత్రం ఏం చేస్తం? ఇంకోసారి తిప్పుమను."